చెప్పవలసినది, చెప్పరానిది: వీడియో గేముల కథనంలో గూఢాగూఢ వివేకం

నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయంలో దేవతలు బ్రహ్మను కోరినది ఒక క్రీడనీయకం. అది కంటికి కనిపించేదిగాను, చెవికి వినిపించేదిగాను ఉండాలని వారు ప్రార్థించారు. ఆ కోరికకు ఫలంగా నాట్యవేదం పుట్టిందని భరతముని చెప్పాడు. క్రీడనీయకమంటే ఆటవస్తువు. నాట్యోత్పత్తిని బోధించేటప్పుడు ఈ మాటను ఒకసారి చెప్పి ముందుకు సాగిపోవడం తరగతిలో పరిపాటి. కాని దృశ్యమూ శ్రవ్యమూ అయిన ఆటవస్తువు అనే లక్షణం ఈనాటి వీడియో గేముకు ఎంత చక్కగా అన్వయిస్తుందో గమనించిన వారికి, ఈ కొత్త ప్రక్రియను అలంకారశాస్త్ర దృష్టితో పరిశీలించడం అసంగతమనిపించదు.

వీడియో గేము అనగానే పిల్లలు కాలక్షేపానికి ఆడే చిన్న ఆటలను మాత్రమే తలచరాదు. కథాప్రధానమైన గేములు కొన్ని ఇరవై, ముప్ఫై గంటలు ఆడితే గాని ముగియవు. వాటిలో నాయకుడున్నాడు, ప్రతినాయకుడున్నాడు, సంధులున్నాయి, నిర్వహణమున్నది. కథ చెప్పే సాధనాలు మాత్రం వేరు. ఆట ఆగి చలనచిత్రంలా నడిచే ఘట్టాలను కట్ సీన్లు అంటారు. అవి ఒక సాధనం. పాత్రల సంభాషణలు, గోడలమీది రాతలు, దొరికిన ఖడ్గానికో ఉంగరానికో జతచేసిన రెండు మూడు వాక్యాల వివరణ, శిథిలమైన కట్టడాల అమరిక మరికొన్ని సాధనాలు. వీటన్నిటినీ మించినది ఆటగాని చేష్ట. నాటకంలో సామాజికుడు చూస్తాడు, కావ్యంలో చదువుతాడు. ఇక్కడ సామాజికుడే తలుపు తెరవాలి, గుర్రమెక్కాలి, బాణం విడవాలి.

ఈ గేములను గూర్చిన విమర్శలో చాలాకాలంగా ఒక వివాదం నడుస్తున్నది. కథ అంతా విప్పి చెప్పేశారని ఒక వర్గం నిందిస్తుంది. ఏమీ చెప్పకుండా దాచారని మరొక వర్గం నిందిస్తుంది. నిర్మాతలు సాధారణంగా ఇచ్చే సమాధానం మధ్యేమార్గం. సగం చెప్పి సగం దాచితే ఇద్దరూ తృప్తి పడతారన్నట్లు వారు మాట్లాడతారు. ఈ సమాధానం సరైనది కాదు. గూఢత్వమూ వివరణమూ తక్కెడలో తూచి సమం చేయదగిన ద్రవ్యాలు కావు. ఎంత చెప్పాలి అన్న ప్రశ్నకు ముందు ఏ జాతి విషయాన్ని చెప్పాలి, ఏ జాతి విషయాన్ని చెప్పరాదు అన్న ప్రశ్న ఉన్నది. దానికి భారతీయ ఆలంకారికులు సుమారు వెయ్యేళ్ళ క్రితమే దారి చూపారు.

శాస్త్రదృష్టి

ధ్వనిని కావ్యాత్మగా ప్రతిష్ఠించిన ఆనందవర్ధనుడు వాచ్యార్థాన్ని తక్కువ చేసినవాడని కొందరు పొరబడతారు. ధ్వన్యాలోక ప్రథమోద్యోతంలోని దీపదృష్టాంతాన్ని చదివితే ఆ భ్రమ తొలగిపోతుంది. వెలుగు కావలసినవాడు దీపశిఖను గూర్చి శ్రద్ధ వహించినట్లే, వ్యంగ్యార్థాన్ని ఆదరించేవాడు దానికి ఉపాయమైన వాచ్యార్థాన్ని గూర్చి శ్రద్ధ వహిస్తాడని ఆయన భావం. అంటే స్ఫుటమైనది గూఢమైనదానికి శత్రువు కాదు, సాధనం. దీపాన్ని కొండెక్కనిచ్చి చీకటినే ధ్వని అనుకోమంటే సహృదయుడు అంగీకరించడు.

మమ్మటుడు ఈ విచారణను మరింత సూక్ష్మంగా సాగించాడు. కావ్యప్రకాశ పంచమోల్లాసంలో ఆయన గుణీభూతవ్యంగ్యానికి ఎనిమిది భేదాలను చెప్పాడు. వాటిలో రెండు ప్రస్తుతాంశానికి అత్యంత ఉపయోగకరమైనవి. ఒకటి అగూఢం: వ్యంగ్యం ఎంత బయటపడిపోయిందంటే అది వాచ్యంతో సమానమైపోయింది. రెండవది అస్ఫుటం: వ్యంగ్యం ఎంత లోతున పడిపోయిందంటే సహృదయుడు కూడా దానిని కష్టంమీద గాని అందుకోలేడు. మమ్మటుడు ఈ రెండింటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, రెండింటినీ ఉత్తమకావ్య స్థానం నుంచి దించాడు. నేటి ఆటగాళ్ళలోని రెండు వర్గాలు పరస్పరం విసురుకొంటున్న నిందలు ఈ రెండు మాటలలో ఇమిడి ఉన్నాయి. దాచడమే గొప్ప అనుకొనే నిర్మాత ఈ రెండవ మాటను మరువరాదు.

దృశ్యకావ్యాన్ని గూర్చి ధనంజయుడు చేసిన విభాగం ఇంకా సూటియైనది. దశరూపకంలో ఆయన ఇతివృత్తాన్ని దృశ్యమని, సూచ్యమని రెండుగా విభజించాడు. నీరసమైనదీ, రంగస్థలం మీద చూపడానికి అనుచితమైనదీ సూచ్యం. మధురమూ ఉదాత్తమూ రసభావ నిరంతరమూ అయినది దృశ్యం. సూచ్యాన్ని అందించడానికి విష్కంభ, ప్రవేశకాదులైన అయిదు అర్థోపక్షేపకాలను చెప్పాడు. ఈ విభాగంలో పరిమాణ ప్రసక్తి లేదు. సగం చూపి సగం సూచించమని ధనంజయుడు అనలేదు. వస్తు స్వభావాన్ని బట్టి దేనిని ఎలా అందించాలో నిర్ణయించాడు.

ఈ మార్గంలో ఆలోచిస్తే గేములోని కథావస్తువు మూడు జాతులుగా విడిపోతుంది. ఆటగాడు ఇప్పుడు ఏమి చేయాలి అనేది కర్తవ్యం. ఆ లోకంలో పూర్వం ఏమి జరిగింది, ఇప్పుడు ఏమి జరుగుతున్నది అనేది వృత్తాంతం. ఆ చేష్టకు, ఆ వృత్తాంతానికి ఫలంగా ఆటగాని హృదయంలో కలిగేది రసం. కర్తవ్యం స్ఫుటంగా ఉండాలి. వృత్తాంతం గూఢంగా ఉండవచ్చు గాని, దానిని సాధించే హేతువులు గేములోనే దొరకాలి. రసం ఎన్నడూ వాచ్యం కారాదు. గేములలో కనిపించే కథాదోషాలు చాలావరకు ఈ మూడింటి స్థానాలు తారుమారు కావడం వల్ల పుట్టినవే.

కర్తవ్యం స్ఫుటంగా ఉండాలి

అభినవభారతిలో అభినవగుప్తపాదులు రసప్రతీతికి ఏడు విఘ్నాలను లెక్కించారు. వాటిలో ప్రతీతికి తగిన ఉపాయం లోపించడం, స్ఫుటత్వం లేకపోవడం, సంశయం కలగడం అనేవి కూడా ఉన్నాయి. నాటకం చూసేవానికే సంశయం విఘ్నమైనప్పుడు, తానే నడవవలసిన ఆటగానికి అది ఎంతటి విఘ్నమో చెప్పనక్కరలేదు. ఎటు పోవాలో తెలియక గంటసేపు గోడలు తడుముకొనేవాని మనసులో కరుణ గాని అద్భుతం గాని నిలవదు. అక్కడ మిగిలేది విసుగు ఒక్కటే, విసుగు స్థాయిభావం కాదు.

1999లో వచ్చిన గాబ్రియేల్ నైట్ 3 అనే గేములోని ఒక ఘట్టం ఈ దోషానికి ఉదాహరణగా ప్రసిద్ధి కెక్కింది. నాయకుడు మోటారు సైకిలును అద్దెకు తీసుకోవడానికి తన స్నేహితునిలా వేషం వేయాలి. అందుకు పిల్లి వెంట్రుకలతో పెట్టుడు మీసం తయారుచేయాలి. విచిత్రమేమంటే ఆ స్నేహితునికి మీసమే లేదు. కనుక అతని గుర్తింపు పత్రంలోని ఛాయాచిత్రం మీద మీసం గీయవలసి వస్తుంది. ఈ పరంపరను లోకజ్ఞానంతో గాని, కథాజ్ఞానంతో గాని ఊహించే వీలు లేదు. రూఢి గాని ప్రయోజనం గాని లేకుండా కవి తన ఇచ్ఛచేత అర్థాన్ని లాగే దోషాన్ని ఆలంకారికులు నేయార్థమన్నారు. ఈ ఘట్టాన్ని నేయార్థ దోషానికి ఆధునికోదాహరణగా తరగతిలో చూపవచ్చు. ఇందులో గూఢమైన సౌందర్యమేదీ లేదు. చెప్పవలసిన కర్తవ్యాన్ని చెప్పకపోవడం మాత్రమే ఉన్నది.

దీనికి భిన్నమైనది జపానుకు చెందిన ఫుమితో ఉయెదా దర్శకత్వంలో 2005లో వెలువడిన షాడో ఆఫ్ ది కొలోసస్. వాండర్ అనే యువకుడు మోనో అనే మృతకన్యను గుర్రం మీద నిషిద్ధ దేశానికి తెచ్చి ఒక ఆలయంలో పరుండబెడతాడు. ఆ కన్యను బ్రతికించాలంటే పదహారు మహాకాయాలను వధించాలని డోర్మిన్ అనే అశరీరవాణి చెబుతుంది. ఆపైన ఆటగానికి కర్తవ్యం విషయంలో సందేహమంటూ ఉండదు. ఎండలో ఖడ్గాన్ని పైకెత్తితే కాంతిరేఖ తదుపరి మహాకాయమున్న దిక్కును చూపుతుంది. పోరాటంలో చాలాసేపు తోచక నిలిచిపోతే అశరీరవాణి స్వయంగా ఒక సూచన ఇస్తుంది. కర్తవ్యం ఇంత స్ఫుటంగా ఉన్నందువల్లనే ఆటగాని బుద్ధికి మరొక దానిని గూర్చి ఆలోచించే తీరిక దొరుకుతుంది: ఈ పని ఎందుకు చేస్తున్నాను? ఆ ప్రశ్నకు మాత్రం గేము సమాధానం చెప్పదు. ఆనందవర్ధనుని దీపదృష్టాంతానికి ఇంతకన్న చక్కని లక్ష్యం దొరకదు.

వృత్తాంతం గూఢమైనా సాధ్యమై ఉండాలి

రెండవ జాతి వృత్తాంతం. ఇక్కడ దాచడానికి నిర్మాతకు సంపూర్ణాధికారమున్నది, కాని ఒక నియమంతో. దాచినదానిని చేరే హేతువులను కృతిలోనే ఉంచాలి. మహిమభట్టు వ్యక్తివివేకంలో ధ్వనిని అనుమానంలో అంతర్భవింపజేయడానికి ప్రయత్నించాడు. రసవిషయంలో ఆ వాదం నిలవలేదని ఉత్తరకాలపు ఆలంకారికులు తేల్చారు. కాని గేములలోని గూఢవృత్తాంతం విషయంలో మహిమభట్టు పక్షమే సమంజసమనిపిస్తుంది. పొగను చూసి నిప్పును ఊహించినట్లు ఆటగాడు చిహ్నాలను చూసి జరిగినదానిని ఊహిస్తాడు. హేతువు లేని చోట అనుమితి లేదు; ఉన్నది కేవలం ఊహాగానం.

2019లో వెలువడిన ఔటర్ వైల్డ్స్ ఈ నియమానికి ఆదర్శప్రాయమైనది. ఒక చిన్న సౌరమండలంలో సూర్యుడు ఇరవై రెండు నిమిషాలకు ఒకసారి పేలిపోతాడు. కాలం మళ్ళీ మొదటికి వస్తుంది. నాయకునికి కొత్త ఆయుధమేదీ దొరకదు, బలం పెరగదు. పెరిగేది జ్ఞానం ఒక్కటే. ఎప్పుడో నశించిన నోమాయి అనే జాతివారి రాతలను గ్రహం నుంచి గ్రహానికి తిరిగి చదివి, వారికి ఏమైనది, కాలం ఎందుకు తిరుగుతున్నది అనే సంగతులను ఆటగాడే కూర్చుకోవాలి. ఇంత గూఢమైన కథలో నిర్మాతలు ఒక సౌకర్యం కల్పించారు. తెలిసిన ప్రతి విషయమూ వ్యోమనౌకలోని దినచర్య పుస్తకంలో నమోదవుతుంది. ఏ చోట ఇంకా తెలుసుకోవలసినది మిగిలి ఉన్నదో అది చెబుతుంది. ఏమి తెలుసుకోవాలో చెప్పదు, తెలుసుకోవలసినది ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఆకాంక్షను నిలిపి ఉంచి నిరాశను తొలగించే ఈ పద్ధతిని గూఢకథలు రాసేవారందరూ అధ్యయనం చేయాలి.

హిదెతాకా మియాజాకి దర్శకత్వంలో 2011లో వచ్చిన డార్క్ సోల్స్ మరింత వివాదాస్పదమైనది. మియాజాకి బాల్యంలో తనకు పూర్తిగా అర్థంకాని ఆంగ్ల గ్రంథాలను బొమ్మల సాయంతో చదివి, తెలియని భాగాలను ఊహతో పూరించుకొనేవాడు. ఆ అనుభవమే ఆయన గేములకు మూలమైనది. డార్క్ సోల్స్‌లో చరిత్ర అంతా ఆయుధాల, ఉంగరాల వివరణలలో ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటుంది. ఫ్రాంప్ట్, కాథే అనే రెండు సర్పాలు ఒకే చరిత్రను పరస్పర విరుద్ధంగా చెబుతాయి; ఆరిపోతున్న అగ్నికి ఆహుతి కమ్మని ఒకటి, దానిని వదలిపొమ్మని మరొకటి. రెండవ సర్పాన్ని కలవకుండానే గేమును ముగించే అవకాశం కూడా ఉన్నది. అటువంటి ఆటగాడు ఒక పక్షాన్నే విని, దానినే సత్యమని నమ్మి ఆహుతి కావచ్చు. ఇది దోషమా, గుణమా?

ఇది గుణమే. ఆ లోకంలో చరిత్ర పాలకుల నోట వినిపించేది గనుక, దానిని అనుమానించే బాధ్యత వినేవానిదే. హేతువులు గేములో ఉన్నాయి, వెదకినవానికి దొరుకుతాయి. అనోర్ లాండో అనే దివ్యనగరంలో సూర్యకాంతి, అక్కడి రాకుమారి కూడా మాయాకల్పితాలని, ఆమె మీద బాణం వేసిన ఆటగానికి నగరం చీకటిలో మునిగినప్పుడు తెలుస్తుంది. ఎవరూ నోట చెప్పరు. కాని ఆ ఒక్క దృశ్యంతో అంతకుముందు విన్న ప్రతి మాటా అనుమానాస్పదమవుతుంది. ఇది అస్ఫుటం కాదు, సాధ్యమైన గూఢం.

అయితే ఈ ప్రస్థానంలో ఒక అపాయమున్నది. ఈ గేముల కథను స్వయంగా గ్రహించేవారికన్న, ఇతరులు చేసిన వ్యాఖ్యానాలను చూసి గ్రహించేవారు అధికమయ్యారు. గంటల తరబడి సాగే వ్యాఖ్యాన దృశ్యాలు యూట్యూబులో కొల్లలుగా ఉన్నాయి. వ్యాఖ్యానాపేక్ష కొత్త సమస్య కాదు. తన కావ్యం వ్యాఖ్యాన గమ్యమని, విద్వాంసులకు ఉత్సవమని భట్టి గర్వంగా చెప్పుకొన్నాడు. కావ్యం కూడా శాస్త్రంలా వ్యాఖ్యానంతోనే బోధపడేదైతే అది పండితులకు పండుగే గాని, మందబుద్ధులకు చేటని భామహుడు ఆక్షేపించాడు. ఈ రెండు పక్షాలలో గేములకు పనికివచ్చేది భామహుని పక్షం. వ్యాఖ్యానం కృతి అందాన్ని పెంచవచ్చు. కృతికి ఊతకర్ర కారాదు.

వ్యాఖ్యాన ధర్మమేమిటో తెలుగునేలకు చెందిన కోలాచల మల్లినాథసూరి సంజీవనీ వ్యాఖ్యారంభంలోనే చెప్పాడు. మెదక్ ప్రాంతంలోని కొల్చారం ఆయన స్వస్థలమని ప్రసిద్ధి. ఆధారం లేనిదేదీ రాయకపోవడం, అపేక్షితం కానిదేదీ చెప్పకపోవడం ఆయన తనకు తాను విధించుకొన్న నియమాలు. నిర్మాతలు గేము లోపల చేర్చే వివరణలకు కూడా ఈ రెండు నియమాలే చాలు. ఆటగాడు అపేక్షించని చోట చెప్పిన వివరణ అగూఢ దోషానికి దారితీస్తుంది. మూలంలో బీజం లేని వివరణ కొత్త కల్పన అవుతుంది.

చిక్కుముడిని విప్పే పద్ధతికి తెలుగులో ఉత్తమోదాహరణ పింగళి సూరన కళాపూర్ణోదయం. అందులో ముందు ఆశ్వాసాలలో వింతగా తోచిన సంగతులకు తరువాతి ఆశ్వాసాలలో సమాధానం దొరుకుతుంది. మధురలాలస పూర్వజన్మ వృత్తాంతాన్ని చెప్పినప్పుడు పాఠకునికి కలిగేది కొత్త సమాచారం దొరికిన తృప్తి మాత్రమే కాదు, చదివినదానినే మరల చదవాలన్న కుతూహలం. వివరణ కథ బయటినుంచి రాలేదు; కథాపాత్ర నోటనే వచ్చింది. దాని బీజాలు ముందే చల్లి ఉన్నాయి. గూఢవృత్తాంతాన్ని నిర్వహించడంలో సూరన పాటించిన ఈ మర్యాద ఏ ప్రక్రియకైనా ప్రమాణమే.

రసం వాచ్యం కారాదు

మూడవ జాతి రసం. రసదోషాలను పరిగణిస్తూ మమ్మటుడు మొదట పేర్కొన్నది స్వశబ్దవాచ్యత్వం. శృంగారమనో, కరుణమనో పేరు పెట్టి చెప్పినంత మాత్రాన రసం పుట్టదు. పైగా అది దోషం. ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే ఎన్నో గేములలోని దీర్ఘప్రసంగాలు తప్పేవి. షాడో ఆఫ్ ది కొలోసస్‌లో మహాకాయం నేలకొరిగినప్పుడు విజయవాద్యం మోగదు, విషాదస్వరం వినిపిస్తుంది. కళేబరం నుంచి నల్లని తంతువులు వచ్చి వాండర్ దేహంలో ప్రవేశిస్తాయి. ఒక్కొక్క వధతో అతని రూపం మలినమవుతుంది. పదమూడవ మహాకాయం ఎడారిమీద ఎగురుతూ ఉంటుంది. అది ఎదురుదాడి చేయనే చేయదు. ఉత్సాహంతో మొదలైన వీరం ఆటగాని చేతిలోనే శోకంగా మారుతున్నది. నీవు చేసినది పాపమని గేము ఎక్కడా అనదు. అంటే ఆటగాడు వాదిస్తాడు. అనలేదు గనుక తలదించుకొంటాడు.

ఇదే గేములో చివర ఎమోన్ అనే ప్రభువు సపరివారంగా వచ్చినప్పుడు కొంత వృత్తాంతం వెల్లడవుతుంది. డోర్మిన్ శక్తిని పూర్వం పదహారు ఖండాలుగా చేసి బంధించారన్నది ఆ రహస్యం. ఇది వివరణే. అయినా రసానికి హాని కలగలేదు. కారణం స్పష్టం: గేము వృత్తాంతాన్ని వివరించింది, రసాన్ని వివరించలేదు. వాండర్ అపరాధియా, ప్రేమికుడా, మోసపోయినవాడా అన్నది ఆటగానికే వదలివేసింది.

దీనికి వ్యతిరేకంగా 2008లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 4లో సుదీర్ఘమైన కట్ సీన్లున్నాయి. 2001 నాటి రెండవ భాగంలో వాంప్ అనే ప్రతినాయకుడు చావును జయించినవానిగా కనిపించి అద్భుతాన్ని, భయానకాన్ని కలిగించాడు. నాలుగవ భాగం దానికి కారణం దేహంలోని సూక్ష్మయంత్రాలని తేల్చింది. తర్కానికి తృప్తి కలిగి ఉండవచ్చు. కాని ఆ పాత్ర ప్రాణం అద్భుతమే. దానిని నిలిపిన విస్మయాన్ని కారణం చూపి పోగొడితే ఆ పాత్రకు మిగిలేది శరీరం. వృత్తాంతాలన్నీ వివరించదగినవే అయినా, ఏ వృత్తాంతం రసానికి ఆలంబనమై ఉన్నదో దానిని వివరించేముందు నిర్మాత రెండుసార్లు ఆలోచించాలి. ఇది క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్య విచారానికి సంబంధించినది.

దీనికి ఎదురు దిక్కులో జరిగిన పొరపాటు మాస్ ఎఫెక్ట్ 3లో కనిపిస్తుంది. 2007, 2010, 2012 సంవత్సరాలలో మూడు భాగాలుగా వచ్చిన ఈ గేములో ఆటగాడు ఎవరిని కాపాడాలి, ఎవరితో సంధి చేయాలి అని అడుగడుగునా నిర్ణయించాడు. ఆ నిర్ణయాలు ఒక భాగం నుంచి మరొక భాగానికి సాగాయి. 2012 మార్చిలో వచ్చిన మూడవ భాగం చివరి ఘట్టంలో ముందెన్నడూ కనిపించని ఒక పాత్ర వచ్చి కొన్ని మార్గాలను చూపింది; ఆపైన కథ త్వరగా ముగిసింది. తోడు నడిచిన పాత్రలు ఏమైనాయో, కాపాడిన జాతులకు ఏమి దక్కిందో స్పష్టం కాలేదు. ఆటగాళ్ళలో తీవ్రమైన నిరసన వచ్చింది. అదే ఏడాది జూన్‌లో నిర్మాతలు ముగింపును విస్తరించి ఉచితంగా అందించారు. ముగింపు మూలస్వరూపం మారలేదు. ఫలితాల వివరణ చేరింది.

ఆటగాళ్ళకు ఓపిక లేదని, సందిగ్ధతను భరించలేరని అప్పుడు కొందరు విమర్శకులు అన్నారు. అది సరికాదు. ఆటగాడు తన చేతులతో చేసిన పనికి ఫలమేమిటో తెలుసుకోవాలనుకోవడం న్యాయమైన ఆకాంక్ష. నాటకంలో బీజం నాటి ఫలాగమం చూపకపోతే నిర్వహణ సంధి లోపించినట్లే. అక్కడ దాచబడినది రసం కాదు, ఫలం. విస్తరించిన ముగింపువల్ల ఏ ధ్వనికీ భంగం కలగకపోవడమే, దాచినది దాచదగినది కాదనడానికి నిదర్శనం.

ఆక్షేపాలు, సమాధానాలు

ఇక్కడ మూడు ఆక్షేపాలకు అవకాశమున్నది. మొదటిది: ఆటగానికి గెలుపోటములు స్వీయమైనవి, స్వసుఖదుఃఖ వివశత్వం అభినవగుప్తుని మతంలో రసవిఘ్నం, కనుక గేములో రసప్రసక్తియే లేదు. ఈ ఆక్షేపం బలమైనదే. పోరాడుతున్న క్షణంలో ఆటగాడు అనుభవించేది లౌకికమైన ఆందోళనే. కాని మహాకాయం కూలిన తరువాతి నిశ్శబ్దంలో, తిరుగుప్రయాణంలో, గుర్రం మీద ఒంటరిగా సాగే మైదానంలో ఆ వివశత్వం తొలగుతుంది. చేష్ట ఆగిన చోట చర్వణ మొదలవుతుంది. ఈ విరామాలను ఎరిగి కూర్చడమే గేము రచయిత నైపుణ్యం.

రెండవది: స్ఫుటమేదో అస్ఫుటమేదో చెప్పడానికి ఆటగాళ్ళందరూ ఒకే సంస్కారం కలవారు కారు. నిజమే. అర్థవ్యంజనకు వక్తృ, బోద్ధవ్య విశేషాలు హేతువులని మమ్మటుడు చెప్పనే చెప్పాడు. 2020లో పుణె నగరంలోని నిర్మాతలు రూపొందించిన రాజీ అనే గేములో దుర్గ, విష్ణువు కథకులుగా మాట్లాడతారు. గోడచిత్రాల ద్వారా పురాణకథలను వివరిస్తారు. కట్ సీన్లు తోలుబొమ్మలాట రీతిలో సాగుతాయి. పురాణం వింటూ పెరిగిన తెలుగు ఆటగానికి ఆ వివరణలో చాలాభాగం అనపేక్షితం. వేరే దేశపు ఆటగానికి అదే ఆధారం. ఒకే వాక్యం ఒకరికి అగూఢం, మరొకరికి ఆవశ్యకం. అందువల్ల అటువంటి వివరణను నిర్బంధంగా వినిపించక, కోరినవానికి దొరికేటట్లు పక్కన ఉంచడం మేలు. డార్క్ సోల్స్‌లోని వస్తువివరణలు, ఔటర్ వైల్డ్స్‌లోని దినచర్య చేస్తున్నది అదే.

మూడవది: గూఢత్వానికి ఇన్ని నియమాలు విధిస్తే నిర్మాత స్వేచ్ఛ ఏమవుతుంది? నియమాలు కోరుతున్నది ఒక్కటే: దాచడానికి ముందు దాచదగినది ఉండాలి. తానే నిశ్చయించుకోలేని విషయాన్ని ఆటగాని ఊహకు వదలివేశానని చెప్పుకోవడం రచయితకు సులభం. అది ధ్వని ముసుగు వేసుకొన్న బద్ధకం. చిహ్నాలు పరస్పరం పొసగుతున్నాయా, రెండవసారి ఆడినప్పుడు మొదటిసారి కనబడనిది కనబడుతున్నదా అని పరీక్షిస్తే ముసుగు తొలగిపోతుంది. మంచి గూఢకథ పునరాలోకనంలో పెరుగుతుంది. బద్ధకపు కథ తరిగిపోతుంది.

ఉపసంహారం

ప్రాచ్యకళాశాలలకు వచ్చే విద్యార్థులలో ఈ గేములను ఎరిగినవారు తక్కువేమీ కాదు. వారు తమలో తాము ముగింపులను గూర్చి, దాగిన వృత్తాంతాలను గూర్చి వాదించుకొంటారు. ఆ వాదాలలో అగూఢం, అస్ఫుటం, నేయార్థం, స్వశబ్దవాచ్యత్వం అన్నీ ఉన్నాయి. ఆ పేర్లు మాత్రమే లేవు. మధ్యాహ్నం తరగతిలో కంఠస్థం చేసిన లక్షణానికి సాయంత్రం తాను వాదించిన దానికి సంబంధమున్నదని విద్యార్థికి తెలియకపోతే ఆ లోపం విద్యార్థిది కాదు. కావ్యప్రకాశ పంచమోల్లాసాన్ని బోధించే అధ్యాపకుడు ప్రాచీనోదాహరణల పక్కన ఒక్క ఆధునికోదాహరణను చేర్చితే శాస్త్రానికి కలిగే హాని లేదు.

లాభం ఒకవైపే లేదు. శాస్త్రం కూడా ఈ కొత్త ప్రక్రియనుంచి నేర్చుకోవలసినది ఉన్నది. ప్రాచీన దృశ్యకావ్యంలో సామాజికునికి కర్తవ్యమంటూ లేదు. కూర్చుండి చూడడమే అతని పని. గేములో అతడు కర్త. తాను చేసిన కర్మవల్ల తనలోనే పుట్టే శోకాన్ని సాధారణీకరణంతో ఎలా సమన్వయించాలన్నది ఇంకా విచారించవలసిన ప్రశ్న. భట్టనాయక, అభినవగుప్తుల గ్రంథాలను ఎరిగినవారు గాక మరెవరు ఈ విచారణకు అర్హులు? పరిశోధక విద్యార్థులు షాడో ఆఫ్ ది కొలోసస్ వంటి ఒక్క గేమునైనా మొదటినుంచి చివరిదాకా ఆడి, ఏ విషయం ఏ సాధనం ద్వారా అందిందో పట్టిక వేసి, దశరూపక విభాగంతో పోల్చి చూడడం ఈ దిశలో మొదటి పని కాగలదు.